సూసన్న చెప్పిన సాక్ష్యం

సూసన్న టీచర్ ఇంట్లో అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. ముందు పేజీలు కూడా ఊడిపోయాయి కాబట్టి దాని పేరేమిటో, రాసిందెవరో ఆమెకి ఇప్పటికీ తెలియదు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, బీరువాలో బైబిలు పక్కనే నిలబెట్టుకుంది. రెండూ ఒకే అరలో ఏమిటని ఎవరైనా అడిగితే, పోట్లాడుకోవాలంటే దగ్గరగా ఉండాలి కదా అంటుంది.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లున్న న్యూ సెటిల్‌మెంట్‌లో పిల్లలకి ఆమె నవ్వు తెలుసు, ఆమె సైకిలు వేగం తెలుసు. క్లాసులో ప్రశ్న అడిగినవాణ్ణి కూచోబెట్టి, అడగనివాణ్ణి నిలబెట్టే అలవాటూ తెలుసు. ఆవిడ ఒక ఎండాకాలమంతా నవ్వకుండా గడిపిందంటే మాత్రం వాళ్లు నమ్మరు. అది ఒక పుస్తకం చేసిన పనంటే అసలు నమ్మరు. ఆడపిల్ల ఎక్కువ చదివితే మతి చెడుతుందని తేలిగ్గా అనేసే పెద్దమనుషులు మాత్రం వెంటనే నమ్ముతారు. వాళ్ల కోసమే ఈ కథ చివరిదాకా చెప్పాలనిపిస్తుంది నాకు, సగంలో ఆపితే వాళ్లదే గెలుపవుతుంది.

అది 1988. సూసన్న ఖరగ్‌పూర్‌లోనే ఇందా అనే పేటలో ఉన్న కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం. తండ్రి ఏలియా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి ఆలిస్ ఇంటిపని, చర్చిపని రెండూ ఒకే గొంతుతో చక్కబెట్టే మనిషి. సాయంత్రాలు చర్చి వెనక రేకుల షెడ్డులో సూసన్న ఆడవాళ్లకి తెలుగు అక్షరాలు నేర్పేది. వచ్చేవాళ్లు ఖలాసీల భార్యలు, ఆసుపత్రి ఆయాలు, రైల్వే సఫాయి పనివాళ్లు. ఆ బడి మొదలవడానికి కారణం జోగమ్మ.

జోగమ్మ స్టేషన్లో ప్లాట్‌ఫారం ఊడ్చేది. భర్త పోయాక ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగం. మా ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని ఖరగ్‌పూర్‌లో ప్రతివాడూ ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. అంత పొడవూ ఊడ్చేదెవరని ఒక్కడూ అడిగేవాడు కాదు. స్టేషన్ బోర్డు మీద బెంగాలీ ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. ఆ బోర్డు కింద చీపురు పట్టుకుని నిలబడ్డ జోగమ్మ భాష లేదు. ఉన్నా ఆవిడ చదవలేదనుకోండి. అది వేరే సంగతి, దానికీ సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు.

ఒకసారి రైల్వే పాసు మీద పుట్టిల్లు పొందూరు వెళుతూ జోగమ్మ కునుకు తీసింది. లేచి, ఏ స్టేషనని పక్కనున్న కుర్రాణ్ణి అడిగితే వాడు వేళాకోళానికి ఇంకా రాలేదన్నాడు. అది పొందూరే. ఆవిడ తర్వాతి స్టేషన్ సిగడాంలో దిగి, మూట నెత్తిన పెట్టుకుని, ఎండలో వచ్చిన దారినే తిరిగి నడిచింది. ఖరగ్‌పూర్ వచ్చాక నేరుగా ఏలియా క్వార్టరుకి వెళ్లి, సూసన్నని అడిగింది. తనకి బైబిలు వద్దు, భారతం వద్దు, బండి కిటికీలోంచి పొందూరు బోర్డు చదివితే చాలు, మళ్లీ ఎవడినీ అడగకుండా దిగాలి.

అలా మొదలైంది. షెడ్డు తాళం సంఘ పెద్ద జ్ఞానప్రకాశంగారి దగ్గర ఉండేది. ఆయన రిటైరైన గార్డు. బండి నడిపినట్టే సంఘాన్నీ నడిపేవాడు, వేళకి బయల్దేరాలి, వేళకి చేరాలి. మంచి పనే కదా అని తాళం ఇచ్చాడు. ఆదివారం ఆరాధనలో సూసన్న లేచి, పాపం చదువురాని అక్కచెల్లెళ్ల కోసం ప్రార్థించండి అనేది. అందరూ స్తోత్రం అనేవారు. ఆ 'పాపం' అనే మాటలో తనకు తెలియకుండానే కొంత తీపి ఉండేదని ఆమే తర్వాత ఒప్పుకుంది.

మే నెలలో ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ఊళ్లకి పోతూ పుస్తకాలు తూకానికి అమ్మేస్తారు. ప్రేమ్ బజార్‌లో పాత కాగితాల దాదా వాటిని గోనె మీద గుట్టపోస్తాడు. సూసన్న నిఘంటువు కోసం వెళ్లి ఆ గుట్టలో చెయ్యి పెడితే అట్ట లేని పుస్తకం తగిలింది. తెరిచిన పేజీలో ఒక వాక్యం కింద ఎవరో ఎర్రగీత గీసి ఉంచారు: దయ చూపేవాడు ఎదుటివాణ్ణి నేల మీద కూచోబెట్టి తాను కుర్చీ ఎక్కుతాడు.

ఆమె అక్కడే సైకిలు స్టాండు వేసి నాలుగు పేజీలు చదివింది. దాదా విసుక్కుని, దీదీ, తీసుకుపో అన్నాడు.

మొదట్లో ఆమెకి రెక్కలొచ్చినట్టే ఉండిందట. దేవుడనేది మన భయానికి మనం పెట్టుకున్న ముద్దుపేరని ఆ పుస్తకం అంది. గుంపులో నడిచేవాడికి కాళ్లుంటాయి గాని దారి ఉండదని అంది. ఇన్నాళ్లూ ఎవరూ తనతో ఇంత ధైర్యంగా మాట్లాడలేదు. ఇందా వెళ్లే రోడ్డు మీద సైకిలు తొక్కుతూ తనలో తానే నవ్వుకునేది. చర్చిలో పాటలు పాడేవాళ్ల నోళ్లు చూస్తే నవ్వొచ్చేది. కొద్దిరోజుల్లో ఆ నవ్వు పులిసిపోయింది.

ఎందుకంటే ఆ పుస్తకం పక్కవాడితో ఆగలేదు, ఆమె దగ్గరికీ వచ్చింది. షెడ్డులో బోర్డు ముందు నిలబడితే ఎర్రగీత వాక్యం చెవిలో మోగేది. కింద చాప మీద ఆడవాళ్లు, పైన తాను. సాయంత్రం వర్క్‌షాపు సైరను మోగి, గేటులోంచి వేల సైకిళ్లు వరదలా బయటికొస్తే, అదిగో గుంపు అనుకునేది. ఆ గుంపులో హేండిలుకి టిఫిను క్యారియరు తగిలించుకుని తండ్రి కనిపించేవాడు. ఆయన చెయ్యి ఊపేవాడు. ఆమెకి చెయ్యి లేచేది కాదు. తండ్రిని అలా చూసినందుకు ఏడుపొచ్చేది, ఏడవడం బలహీనుల పనని పుస్తకం చెప్పింది కాబట్టి ఏడవకుండా మాడిపోయేది. అన్నం సయించేది కాదు. చేపల కూర వండినా రెండు ముద్దలకే లేచిపోయేది.

ఆలిస్ అది కామెర్లనుకుని చెరకు రసం తాగించింది. క్వార్టర్ల లైను లైనంతా ఇంకొక నిర్ణయానికి వచ్చింది. పిల్ల ప్రేమ్ బజార్ వెళ్తోంది, వచ్చాక అన్నం మానేసింది, పైగా ఒంటరిగా గోడ కేసి చూస్తోంది. ఇక కుర్రాడి పేరు ఒకటే తేలాలి. నల్లా దగ్గర ముగ్గురు పేర్లు తేల్చారు కూడా. అందులో ఒకడికి అప్పటికే పెళ్లయింది.

ఆలిస్ తట్టుకోలేక ట్రంకుపెట్టె వెతికింది. ఫోటో దొరకలేదు, అట్ట లేని పుస్తకం దొరికింది. భార్యాభర్తలిద్దరూ దాన్ని మంచం మీద పెట్టుకుని కాసేపు చూశారు. కుర్రాడు కాదని ఆలిస్‌కి ముందు ఊపిరి వచ్చింది. దేవుడు లేడని రాసుందని సూసన్న చెప్పగానే వచ్చిన ఊపిరి ఆగింది.

ఏలియా మాత్రం పేజీలు తిప్పుతూ, వర్క్‌షాపు ఇంగ్లీషుతో తెలిసిన మాటలు పట్టుకుంటూ కాసేపు తంటాలు పడ్డాడు. ప్రతి పేజీలో దేవుడి పేరు ఆయనకి కనిపించింది.

"లేనోడి గురించి ఇన్ని పేజీలు రాసినాడేటే ఈయన? మన పాస్టరు గారు కూడా వారానికి ఇంత సెప్పరు," అన్నాడు.

సూసన్నకి నవ్వు వచ్చింది, ఆపుకుంది. మర్నాడు షెడ్డుకి వెళ్లి, రేపటి నుంచి బడి లేదని చెప్పేసింది. కారణం అడిగితే, మీకు నేను నేర్పడమంటే మిమ్మల్ని తక్కువ చెయ్యడమే అంది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పలకలు తీసుకుని వెళ్లిపోయారు.

అయితే జోగమ్మకి వచ్చే నెలలో పొందూరు ప్రయాణం ఉంది. మేనగోడలి పెళ్లి. ఆవిడ గుణింతాల మధ్యలో ఉంది. తెల్లారి డ్యూటీ దిగి, చీపురు కూడా దింపకుండా ఏలియా వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూచుంది. ఆలిస్ టీ ఇచ్చింది. సూసన్న వచ్చి ఎదురుగా నిలబడితే, ముందు కూకో అంది. కూచున్నాక అసలు సంగతి చెప్పమంది. సూసన్న చెప్పింది. జాలి గురించి, కుర్చీ గురించి, తాను ఇన్నాళ్లూ జాలితో నేర్పిన సంగతి, అది ఎంత తప్పో, అన్నీ చెప్పింది. జోగమ్మ టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టింది.

"జాలా? ఓలమ్మ! నేనే నీ మీద జాలిపడి వొస్తన్నాను గుంటా. సావాసగత్తెలు లేరు, సాయంకాలం అయితే ఒక్కదానివీ కూకుంటావు, పోనీలే, దీనికి మాత్రం తోడెవులున్నారని. చిలకమ్మకి అక్షరాలు ఒక్కటీ ఎక్కవు, అయినా రోజూ ఎందుకొస్తదనుకున్నావు? నీకోసమే."

జాలి ఇలా కింది నుంచి పైకి కూడా వస్తుందని ఆ పుస్తకం ఎక్కడా చెప్పలేదు.

"మరి పొందూరు?" అంది సూసన్న.

"పొందూరుకీ వొస్తన్నాను. రెండూ ఉండకూడదేటి?"

ఆ తర్వాత అరుగు మీద ఇద్దరూ ఎందుకంత నవ్వుకున్నారో ఆలిస్‌కి అర్థం కాలేదు. పిల్ల నవ్విందన్నది చాలు. లోపలికి పోయి చేపలు కడగడం మొదలుపెట్టింది.

బడి మళ్లీ తెరుచుకుంది, ఒక మార్పుతో. సూసన్న బోర్డు పక్కన నిలబడడం మానేసి చాప మీద కూచుంది. దీనివల్ల వెనకవాళ్లకి బోర్డు బాగా కనిపించిందని చిలకమ్మ మెచ్చుకుంది. ఇంకో మార్పు ఆడవాళ్లే తెచ్చారు. నిన్ను అంత బాధపెట్టిన ఆ పుస్తకంలో ఏటుందో మాకూ సెప్పు అన్నారు. రోజూ అక్షరాలయ్యాక సూసన్న ఒక పేజీ తెలుగులో చెప్పేది. అంతవరకూ ఆ రచయితతో ఒంటరిగా పోరాడి ఓడిపోయిన పిల్లకి, ఇప్పుడు చాప నిండా సేన దొరికింది. మనిషి అందరినీ వదిలి ఏకాంతంగా బతికితేనే స్వేచ్ఛ అని ఆయనంటే, ఈయనకి వంటెవరు సేస్తారని జోగమ్మ అడిగింది. భయపడేవాడే దేవుణ్ణి పట్టుకుంటాడని ఆయనంటే, నిజమే, మొగుడు పోయిన రోజు నేను పట్టుకున్నాను, మరేటి పట్టుకోవాలో ఈయన సెప్పలేదేటి అని ఒక ఆయా అంది. గుంపులో ఉన్నవాడు ఆలోచించడన్న చోట మాత్రం పుస్తకమే గెలిచింది. అది నిజమేనని చిలకమ్మ ఒప్పుకుంది. కూతురికి పదిహేనేళ్లకే పెళ్లి చేసింది లైనులో అందరూ చేశారనే తప్ప తను ఆలోచించి కాదట. చిన్నదాన్ని మాత్రం చదివిస్తానంది. ఆ మాట వింటుంటే సూసన్నకి, ఆ పుస్తకాన్ని పూర్తిగా పారేయాల్సిన పని లేదు, పూర్తిగా మింగాల్సిన పనీ లేదు అని తోచింది. ఒక్కతే చదివితే విషంలా ఎక్కింది, నలుగురిలో చదివితే పచ్చడిలా నలిగింది.

ఈ సంగతి జ్ఞానప్రకాశంగారి చెవిన పడకుండా ఉంటుందా? చర్చి షెడ్డులో దేవుడు లేడని పాఠాలు చెబుతున్నారని ఎవరో చేరవేశారు. ఆయన ఏలియాని పిలిచి, కోపం లేకుండానే, విషయం తేల్చేశాడు. వచ్చే వారం గృహ ప్రార్థన ఏలియా ఇంట్లోనే. ఆ పిల్ల అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి, ఆ పుస్తకం చదవడం పొరపాటని, దాన్ని పారేశానని. చెబితే షెడ్డు ఉంటుంది. లేకపోతే తాళం వెనక్కి ఇచ్చేయాలి.

వారానికి ఒక ఇంట్లో జరిగే ఈ గృహ ప్రార్థనలో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఒక్కొక్కరూ లేచి తమ కష్టం, అది తీరిన వైనం చెబుతారు. చెప్పేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా వినేవాళ్లు స్తోత్రం అంటారు. అందరికంటే ముందు అనేది జ్ఞానప్రకాశంగారే. చివర్లో టీ, బూందీ. ఆ లైనులో హిందువుల ఇళ్లవాళ్లు కూడా గుమ్మం దగ్గర కూచుని పాటలు విని టీ తాగి వెళ్లేవారు. ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టే కాలం కాదది.

ఆ వారమంతా సూసన్నకి ఒకటే ఆలోచన. నాలుగు ముక్కలు అబద్ధం చెబితే షెడ్డు నిలుస్తుంది, జోగమ్మ పొందూరు నిలుస్తుంది. నిజం చెబితే రెండూ పోతాయి. అబద్ధమే చెబుదామని నిశ్చయించుకుని ముక్కలు కూర్చుకుంది కూడా. సాయంత్రం లేచి నిలబడ్డాక గుమ్మం దగ్గర జోగమ్మ, చిలకమ్మ కనిపించారు. చాప మీద ఇన్ని రోజులు వాళ్లు ఒక్క అబద్ధం చెప్పలేదని గుర్తొచ్చింది. కూర్చుకున్న ముక్కలు నోట్లోనే ఆగిపోయాయి.

"ప్రేమ్ బజార్‌లో నాకొక పుస్తకం దొరికింది," అంది.

జ్ఞానప్రకాశంగారు కళ్లు మూసుకునే, "స్తోత్రం," అన్నాడు.

"అది చదివి నేను చీకట్లో పడ్డాను."

"స్తోత్రం," అన్నారు అందరూ. చీకటి తర్వాత వెలుగొస్తుందని వాళ్లకి ఎన్నో ఏళ్ల అలవాటు.

"మా నాన్నని చూస్తే చెయ్యి ఊపబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు ఊపుతున్నాను."

"స్తోత్రం."

"ఆ చీకటి పోయింది. కానీ నాకు ప్రార్థన రావడం లేదు."

"స్తోత్రం," అన్నాడు జ్ఞానప్రకాశంగారు, మంచి గంభీరంగా.

ఆలిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏలియా నేల చూస్తున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

"దేవుడున్నాడో లేడో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పలేను. ఆ పుస్తకం పారేయలేదు, పారేయను. షెడ్డులో మేం దాంతో రోజూ పోట్లాడుతున్నాం. ఒక్కోసారి అది గెలుస్తోంది, ఎక్కువసార్లు జోగమ్మ పిన్ని గెలుస్తోంది. ఇంతే నా సాక్ష్యం."

"స్తోత్రం! హల్లెలూయ!" అంది ఇల్లంతా. తామేమన్నారో అప్పుడు తెలిసింది వాళ్లకి.

జ్ఞానప్రకాశంగారు కళ్లు తెరిచాడు. సూసన్న వంక, సంఘం వంక, మళ్లీ సూసన్న వంక చూశాడు. ఏదో అనబోయాడు గాని ఏలియా అందుకున్నాడు. ఆ మాట ఎంతో వినయంగా అన్నాడు, అందుకే ఎక్కువ తగిలింది.

"గార్డు గారే పచ్చజెండా ఊపినాక బండి ఆపీది ఎవులండీ?"

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. జ్ఞానప్రకాశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియకుండా చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన భార్య, మీరే కదండీ ప్రతిదానికీ ముందు అన్నారు అని ఇంకో దెబ్బ వేసింది. చివరికి ఆయన తీర్పు చెప్పాడు. తాళం సూసన్న దగ్గరే ఉంటుంది. ఆ పుస్తకం మాత్రం చర్చి కప్పు కిందికి రాకూడదు.

మర్నాటి నుంచి అక్షరాలు షెడ్డులో, పుస్తకం బయట మెట్ల మీద. మెట్ల మీద అయితే గాలి కూడా బాగుంటుందని అందరూ అన్నారు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం జ్ఞానప్రకాశంగారు కుర్చీ తెచ్చుకుని కొంచెం ఎడంగా కూచున్నాడు. షెడ్డుకి కాపలా అన్నాడు. నాలుగో రోజుకి ఆయనే, గుంపు గురించి ఆ పేజీ మళ్లీ చెప్పమ్మా, నాకు దానికొక జవాబు తట్టింది అన్నాడు. సూసన్న ఆయన్ని కుర్చీ దిగి చాప మీదికి రమ్మంది. మోకాళ్లు వంగవు తల్లీ అన్నాడు గాని వచ్చాడు.

తొంభైల్లో అక్షరాస్యత ఉద్యమమని ఊరూరా లాంతర్లతో, పోస్టర్లతో కార్యకర్తలు తిరిగారు. నేనూ తిరిగినవాళ్లలో ఒకణ్ణి. చదువు విలువ చెబుదామని న్యూ సెటిల్‌మెంట్ వెళ్తే, మెట్ల మీద ఈ చిలకమ్మే నన్ను నిలబెట్టి, మీరు మా మీద జాలితో వొచ్చినారా, పనుండి వొచ్చినారా అని అడిగింది. నా జవాబు వినడానికి సూసన్న పక్కకి జరిగి చాప మీద చోటిచ్చింది. సూసన్నతో నా పరిచయం అలా మొదలైంది. అప్పటికే ఆమె టీచరు.

ఇంతకీ పొందూరు. ఆ ఎండాకాలం, అనుకున్న నెలకే జోగమ్మ పెళ్లికి బయల్దేరింది. వారం తర్వాత తిరిగొచ్చి, చీపురు పట్టక ముందే షెడ్డుకి వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. ఇచ్ఛాపురం నుంచీ కిటికీ వదల్లేదట. సోంపేట చదివిందట, పలాస చదివిందట, మధ్యలో సబ్బు ప్రకటన కూడా చదివిందట. మరి పొందూరు చదివినావా అని సూసన్న అడిగింది.

"సదివినాను. ముందు బోర్డు సదివినాను. తర్వాత గోడ మీద ఏటో రాసుంటే అదీ సదివినాను. దాని పక్కన టీ కొట్టు పేరుంటే అదీ సదువుతుంటే బండి కదిలిపోనాది."

"మరి?"

"మరేటి? సిగడాంలో దిగి నడిసినాను," అంది జోగమ్మ, పలక అందుకుంటూ. "ఈసారి ఎవుడూ సెప్పలేదు గదా, నాయంతట నేనే దిగినాను."